మా అక్క ఫోన్‌కి వచ్చిన మీ మెయిల్ గురించి

అయినవాళ్లను పోగొట్టుకున్న టీనేజ్ పిల్లల కోసం ఆన్‌లైన్‌లో స్వయం సహాయ కార్యక్రమాలు తయారుచేస్తున్నవారికి, వాటికి పాఠాలు రాసే మనస్తత్వ నిపుణులకు, డబ్బు పెట్టేవారికి,

నమస్కారం.

మా అక్క పోయిన తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం తన ఫోన్ మోగింది. ఆ ఫోన్ ఇప్పుడు ఎవరూ వాడరు. అయినా ఛార్జింగ్ అయిపోకుండా రోజూ చూసుకునేది అక్క కూతురు, పదిహేనేళ్ల పిల్ల. ఆ సమయానికి తను ఇంట్లో లేదు, నేనే తీసి చూశాను. మెయిల్ వచ్చింది. "మీ అమ్మాయి ఈ వారం బాగా ముందుకెళ్లింది! నాలుగో పాఠం పూర్తి చేసింది. తనని మెచ్చుకోవడం మరిచిపోకండి."

ఎవరిని మెచ్చుకోమంటున్నారో, ఎవరికి చెబుతున్నారో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. తల్లిని పోగొట్టుకున్న పిల్లకి మీరు చెప్పే పాఠాల ప్రోగ్రెస్ రిపోర్టును, పోయిన ఆ తల్లికే పంపారు.

పంపినవారి పేరు ఇక్కడ రాయను. ఆ తర్వాత కూర్చుని ఇలాంటివే ఇంకో నాలుగైదు చూశాను. రంగులు వేరు, బొమ్మలు వేరు, లోపల మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకటే. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. మా పిల్లని అడిగాకే రాస్తున్నాను. రాసింది చదివి వినిపించాను కూడా. మూడు వాక్యాలు తీసేయమంది, తీసేశాను. ఒకటి చేర్చమంది. అదేదో చెప్పను.

ఆ మెయిల్ అక్క ఫోన్‌కి ఎందుకొచ్చిందంటే, చేరేటప్పుడు మీ మొదటి పేజీలో "తల్లి లేదా సంరక్షకుల ఈమెయిల్" అని ఒక గడి ఉంది. పక్కన ఎర్ర చుక్క. నింపకపోతే ముందుకు పోనివ్వదు. నాన్న మెయిల్ ఇస్తే నాన్నకి తెలిసిపోతుంది. తెలిస్తే ఆయన భయపడతాడు, లేదా ఏడుస్తాడు, ఆ రెండూ చూడటం తన వల్ల కాదు. అమ్మ మెయిల్ ఇచ్చింది. అనుమతి అడుగుతూ లింకు అక్క ఫోన్‌కి వచ్చింది. ఈ పిల్ల అర్ధరాత్రి ముందుగదిలోకి వెళ్లి, అమ్మ ఫోన్ తీసి, అమ్మ తరఫున "అంగీకరిస్తున్నాను" నొక్కి, వెనక్కొచ్చి మొదటి పాఠం తెరిచింది. మీ రికార్డుల్లో మాత్రం తల్లి అనుమతి సక్రమంగా ఉంది.

చట్టం కోసం పెట్టారని నాకు తెలుసు. పిల్లల విషయంలో పెద్దల అనుమతి అక్కర్లేదని కూడా నేను అనను. కానీ ఇది లెక్కల ట్యూషన్ కాదు కదా. మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అమ్మనో నాన్ననో పోగొట్టుకున్నవాళ్లే. ఆ ఒక్క గడి దగ్గర "నువ్వు నమ్మే పెద్దవాళ్లు ఎవరైనా సరే, పిన్ని, మావయ్య, టీచర్" అని రాసి ఉంటే ఈ పిల్ల నా మెయిల్ ఇచ్చేదేమో. ఇచ్చేదానివా అని అడిగాను. "ఏమో పిన్నీ, అప్పుడు నువ్వు కూడా ఏడుస్తూనే ఉన్నావు" అంది.

నేను మీకు వ్యతిరేకిని కాను. రాత్రి ఒంటిగంటన్నరకి ఈ పిల్లకి తెరిచి ఉన్న తలుపు మీదొక్కటే. వచ్చిన బంధువులంతా వెళ్తూ వెళ్తూ ఒకే మాట చెప్పి వెళ్లారు: "నువ్వే ధైర్యంగా ఉండాలి, నాన్నని నువ్వే చూసుకోవాలి." పదిహేనేళ్ల నెత్తిన పెద్దరికం పెట్టి పోయారు. తన ఎదుట స్నేహితురాళ్లు తమ అమ్మల గురించి మాట్లాడటం మానేశారు. ఎంతగా అంటే, తను రాగానే మాట మార్చడం తనకి తెలిసిపోయేంతగా. అలాంటప్పుడు ఎవరి మొహమూ చూడక్కర్లేకుండా, ఎవరినీ ఏడిపించకుండా, టైపు చేసుకునే చోటు దొరకడం చిన్న సంగతి కాదు. తెర మీద నేర్పేది పిల్లలకు పనికొస్తుందనడానికి దాఖలాలూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో కుంగుబాటుతో ఉన్న టీనేజ్ పిల్లల కోసం స్పార్క్స్ అని ఒక కంప్యూటర్ ఆట తయారుచేశారు. 187 మంది పిల్లల మీద చేసిన పరీక్ష 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మామూలు కౌన్సెలింగ్‌కి అది తీసిపోలేదని తేలింది. అది శోకం కోసం చేసింది కాదు, నిజమే. అయినా దారి ఉందని చెబుతోంది.

మరి నా గొడవేమిటంటే, మీ స్కేలు దగ్గర మొదలుపెడతాను.

ప్రతి పాఠానికి ముందు "ఈ రోజు నీ బాధ ఎంత?" అని ఒకటి నుంచి పది దాకా ఒక గీత వస్తుంది. వేలితో జరపాలి. తను పక్కన కూర్చుని నాకు చూపించింది. మొదటిరోజు ఎనిమిది పెట్టిందట. తెర మొత్తం ఎర్రబడి, "దయచేసి వెంటనే ఒక పెద్దవారితో మాట్లాడండి" అని, కింద ఒక హెల్ప్‌లైన్ నంబరు వచ్చి, ఆ రోజు పాఠం మూసుకుపోయింది. రాత్రిపూట, మాట్లాడటానికి ఎవరూ లేకనే కదా మీ దగ్గరికి వచ్చింది! మర్నాటి నుంచి రోజూ నాలుగు పెట్టింది. "నాలుగైతే ఏ గొడవా ఉండదు పిన్నీ. మూడు పెడితే 'భలే' అంటుంది, అదీ చిరాకే." అలా పెట్టిన నాలుగులన్నీ కలిపి మీరొక గ్రాఫు గీశారు. ఎనిమిది నుంచి నాలుగుకి దిగిన గీత. బాధ సగానికి తగ్గినట్టు. అక్క ఫోన్‌కి వచ్చిన మెయిల్‌లో అదీ ఉంది.

దుఃఖంలో ఉన్న పిల్లలు మొట్టమొదట నేర్చుకునే విద్య పెద్దవాళ్లను కంగారుపెట్టకుండా ఉండటం. ఇంట్లో అదే చేస్తున్నారు, బడిలో అదే చేస్తున్నారు. మీ దగ్గరా అదే చేయాల్సి వస్తే ఇక తేడా ఏముంది?

ప్రాణానికి ప్రమాదం ఉన్న పిల్లని పసిగట్టడానికే ఆ ఎర్ర తెర అని అంటారు. ఉండాల్సిందే. కానీ తల్లి పోయిన పిల్లకి బాధ ఎనిమిది ఉండటం దానంతటదే ప్రమాదం కాదు, ఉండేదే. ప్రమాదం గురించి తెలుసుకోవాలంటే దాని గురించే అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెత్తగా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు, అది నిజం కాదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అవునని చెప్పిన పిల్లని ఒక నంబరు చేతిలో పెట్టి గుమ్మం బయటికి పంపకండి. అక్కడే, అప్పుడే, ఒక మనిషి పలకాలి. ఆ ఏర్పాటు చేయలేనివాళ్లు ఈ పనిలోకి దిగకూడదని నా అభిప్రాయం. ఇందులో నాకు మొహమాటం లేదు.

రెండో పాఠంలో అయిదు మెట్లు చూపించారు. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. ఒక్కో మెట్టు ఎక్కుతున్న బొమ్మ. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో ఆ అయిదింటి గురించి రాసింది మరణం ఎదురుగా ఉన్న రోగులతో మాట్లాడి. పోయినవాళ్ల వెనక మిగిలిపోయినవాళ్లను చూసి రాసింది కాదు. ఆ సంగతి మీలో ఈ పాఠాలు రాసేవారికి నాకంటే బాగా తెలిసుండాలి. మా పిల్లకి తెలియదు కదా. తనకి కోపం రాలేదు. ఒక మెట్టు దాటేసి తప్పు చేశానేమో, మళ్లీ వెనక్కి వెళ్లి కోపం తెచ్చుకోవాలేమో అని రెండు రోజులు నిజంగానే మథనపడింది. పరీక్షలో ఒక ప్రశ్న వదిలేసినట్టు.

మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన మాట ఇంకోటి ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతకాల్సినదాని వైపు ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడమే ఆరోగ్యమని. నేను కళ్లారా చూసింది అదే. ఒక ఆదివారం ఈ పిల్ల ఏదో వీడియో చూసి పకపకా నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి, ఉన్నట్టుండి ఆగి, గోడవైపు తిరిగిపోయింది. నవ్వినందుకు తనని తనే తిట్టుకుంటోందని నాకు అర్థమైంది. ఆ క్షణంలో ఏం చేయాలో మీ ఏడు పాఠాల్లో ఎక్కడా లేదు. నవ్వడం అమ్మను మరిచిపోవడం కాదని చెప్పే ఒక్క పేజీ, ఆ అయిదు మెట్లకంటే ఎక్కువ పనిచేసేది.

ఇక అయిదో పాఠం. దాని పేరు "వీడ్కోలు".

ఇది చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. అక్క ఆఖరిసారి పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి ఈ పిల్ల ఫోన్‌లో ఉంది. తొమ్మిది సెకన్లు. "ఏమే, గొడుగు తీసుకెళ్లావా లేదా? మబ్బు పట్టింది చూడు. చెప్పు." అంతే. బడి నుంచి బయటికి వస్తూ విన్నది, తర్వాత చెప్దాంలే అనుకుంది, స్నేహితులతో కబుర్లలో పడింది. తర్వాత అనేది రాలేదు. ఈ తొమ్మిది నెలల్లో ఆ తొమ్మిది సెకన్లు ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

మీ అయిదో పాఠం ఏం చెప్పిందంటే, పోయినవారికి సంబంధించిన ఒక వస్తువునో, ఫొటోనో, మెసేజ్‌నో ఎంచుకుని, కళ్లు మూసుకుని, దాన్ని మనసులో ఒక పడవలో పెట్టి వదిలేయమంది. తను ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. ఆరు రోజులు తెరవలేదు. ఆరో రోజున మీ నోటిఫికేషన్: "నీ వరుస తెగిపోయింది! మళ్లీ మొదలుపెడదామా?" కింద విచారంగా ఒక బొమ్మ.

దేని వరుస తెగిందంటారు?

పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే మనిషి కోలుకుంటాడన్న పాత నమ్మకాన్ని 1996లోనే డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. బంధం తెగదు, రూపు మారుతుంది అన్నారు. సిల్వర్‌మన్ అమ్మానాన్నల్లో ఒకరిని పోగొట్టుకున్న పిల్లలతో ఏళ్ల తరబడి మాట్లాడిన మనిషి. ఆ పిల్లలు పోయినవాళ్లతో మాట్లాడతారు, కలలు కంటారు, వాళ్ల వస్తువులు దగ్గర పెట్టుకుంటారు. అది రోగం కాదు. ఈ పిల్ల ఆ మెసేజ్‌ని వదిలేయనక్కర్లేదు. దాన్ని వినడానికి కొంచెం తక్కువ భయపడితే చాలు. దయచేసి ఆ పడవ బొమ్మ తీసేయండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూడో పాఠంలో మీరు "అమ్మకు ఒక ఉత్తరం రాయి" అన్నారు. మంచి పని. తను రాసింది. రెండు గంటలసేపు, బొటనవేలు నొప్పెట్టేదాకా, ఫోన్‌లో. గొడుగు సంగతంతా అందులో రాసింది. ఎవరికీ, నాకు కూడా చెప్పని సంగతి. "పంపు" నొక్కింది. రెండు సెకన్లు కూడా కాలేదు, తెర మీద రంగు కాగితాలు కురిశాయి. "అద్భుతం! నువ్వు చాలా బాగా రాశావు! 20 పాయింట్లు."

ఎవరూ చదవలేదని తనకి ఆ క్షణానే తెలిసిపోయింది. రెండు గంటలు రాసినదాన్ని రెండు సెకన్లలో ఎవరు చదువుతారు?

రాయడం వల్ల మేలు జరుగుతుందని మీరు ఊరికే అనుకోలేదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో కాలేజీ విద్యార్థులతో నాలుగు రోజులు వరుసగా, రోజుకి పదిహేను నిమిషాలు మనసులోని గాయాల గురించి రాయించిన ప్రయోగం నుంచి ఈ దారి పడింది. ఎవరూ చదవకపోయినా రాయడమే మేలు అన్న మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ ప్రత్యేకంగా శోకం కోసం ఇంటర్నెట్‌లో చేసిన తొలి పరీక్షల్లో ఒకటి, 2006లో బిర్గిట్ వాగ్నర్, ఆమె సహచరులు ప్రచురించినది, చూడండి. పెద్దవాళ్లు, తీరని శోకంలో ఉన్నవాళ్లు. అయిదు వారాలు, వారానికి రెండుసార్లు, ఒక్కోటి ముప్పావుగంట రాయాలి. అవతల ఒక థెరపిస్టు కూర్చుని చదివి, వాళ్లు రాసినదాన్ని పట్టుకుని జవాబు రాయాలి. మీరు అందులోంచి రాయించడాన్ని తెచ్చుకున్నారు, చదవడాన్ని వదిలేశారు. ఎందుకంటే చదవడానికి మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి. ఈ మాట కటువుగా ఉంటే ఉండనీయండి.

స్వయం సహాయం అంటే ఒంటరిగా వదిలేయడం కాదు. వెనక ఒక మనిషి ఉన్న ఆన్‌లైన్ కార్యక్రమాల్లో జనం నిలబడతారు, లేనివాటిలో మధ్యలోనే జారిపోతారు. ఇలా జారిపోవడం గురించే 2005లో గుంతర్ ఐసెన్‌బాక్ అనే పరిశోధకుడు ఏకంగా ఒక వ్యాసం రాశారు. జారిపోయేవాళ్లను ఆపడానికి మీరు పాయింట్లు, వరుసలు, ఏడుపుమొహం బొమ్మలు పెట్టారు. వాటి బదులు వారానికి ఒక్కసారి, నాలుగు వాక్యాలు, శిక్షణ పొందిన ఒక మనిషి రాస్తే చాలు. రోజూ అక్కర్లేదు. వెంటనే కూడా అక్కర్లేదు, "చదివి మంగళవారం రాస్తాను" అని చెప్పి మంగళవారం రాస్తే మంచిదే. ఎవరో చదువుతున్నారు, ఆలోచిస్తున్నారు అన్నదే పిల్లలకి పెద్ద ఊరట. యంత్రం చేత మనిషిలా జవాబు రాయించే ఉపాయం ఇప్పుడు మీకు చేతికి అందింది, ఆ వైపు మొగ్గుతున్నారని కూడా వింటున్నాను. అలా చేస్తే అది యంత్రమని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఒకసారి మోసపోయినట్టు తెలిస్తే పదిహేనేళ్ల పిల్ల ఇంకెవరికీ ఏమీ రాయదు.

జవాబు వస్తే ఏమవుతుందో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆ మెయిల్ గొడవ తర్వాత తన అనుమతితోనే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. రెండోసారో మూడోసారో, "నీలాగే అమ్మ మెసేజ్‌కి జవాబివ్వకుండా ఉండిపోయిన అమ్మాయి ఇంకెక్కడో ఉందనుకో, తనకి ఒక ఉత్తరం రాసి తీసుకురా" అన్నారు. (వాగ్నర్ పరీక్షలో కూడా ఇలాంటి ఉత్తరమే రాయించారని నాకు తర్వాత తెలిసింది.) తను రాసింది. అందులో ఒక వాక్యం ఇక్కడ పెట్టడానికి ఒప్పుకుంది: "తర్వాత చెప్దాంలే అనుకున్నావంటే, అమ్మ తర్వాత కూడా ఉంటుందని నమ్మినట్టే కదా."

కౌన్సెలర్ ఆ ఉత్తరాన్ని నెమ్మదిగా, మొత్తం, మా ఎదుటే చదివారు. మెచ్చుకోలేదు. మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఇంతకీ ఆ రోజు గొడుగు తీసుకెళ్లావా?" అని అడిగారు.

"తీసుకెళ్లాను," అంది పిల్ల.

తొమ్మిది నెలల తర్వాత ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం అదే మొదటిసారి. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏ తెరా ఎర్రబడలేదు.

అందరికీ కౌన్సెలర్ దొరకదని నాకు తెలుసు, మీ అవసరం అందుకే. శోకంలో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి చికిత్స అక్కర్లేదు, తోడు చాలు. చికిత్స కావాల్సినవాళ్లు కొద్దిమందే ఉంటారు. తీవ్రమైన తపన, ఏదీ నిజం కాదన్నట్టు ఉండటం, తనలో ఒక భాగం చచ్చిపోయినట్టు అనిపించడం వంటివి పోకుండా నిలిచిపోతే దాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మత అని 2022లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగ నిర్ణయ గ్రంథంలో చేర్చింది. పెద్దలకు కనీసం ఏడాది, పిల్లలకు ఆరు నెలలు గడిచాకే ఆ పేరు పెట్టాలంది. వాళ్లను పాఠాల మీద వదిలేయకుండా మనిషికి అప్పగించడం మీ బాధ్యత. మిగతావాళ్లకి, అలాంటి పిల్లలే ఇంకొందరు ఒక గదిలో కలుసుకునే వీలుంటే, అంతకంటే మంచి మందు లేదు. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో 1982 నుంచి డౌగీ సెంటర్ చేస్తున్న పని అదే. తెర మీద కూడా, పెద్దవాళ్ల కనుసన్నల్లో, అలాంటి గది ఒకటి కట్టొచ్చు. ఎందుకు కట్టరు?

ఇంకో మాట, రహస్యం గురించి. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వాడుకదారుల ఆరోగ్య వివరాలను ప్రకటనల కంపెనీలకు ఇచ్చిందన్న ఆరోపణపై ఒక పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ చేత 78 లక్షల డాలర్లు కట్టించింది. ఆ వాడుకదారులు పెద్దవాళ్లు, కనీసం కోర్టుకెక్కగలరు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పదహారో అధికరణంలో పిల్లల ఏకాంతంతో పాటు వాళ్ల ఉత్తర ప్రత్యుత్తరాల గురించి కూడా విడిగా రాసి ఉంది. అమ్మకు రాసిన ఉత్తరం అందులోకి వస్తుంది. ఎవరు చదువుతారో, ఎన్నాళ్లు దాస్తారో చిన్న అక్షరాల్లో కాకుండా, ఉత్తరం రాసే పేజీలోనే, పిల్లలకి అర్థమయ్యే మాటల్లో పెట్టండి.

చివరిగా, ఆ మెయిల్ పంపినవారికి విడిగా ఒక మాట. ఇది చదివితే మీకే తెలుస్తుంది ఎవరిని అంటున్నానో. ఏడాదిపాటు తెరవని ఖాతాలను తుడిచేస్తామని మీ నిబంధనల్లో ఉంది. మా పిల్ల మీ కార్యక్రమంలోకి మళ్లీ వెళ్లదలచుకోలేదు, కానీ మూడో పాఠంలో రాసిన ఉత్తరం తనకి కావాలి. కాపీ తీసుకునే బటన్ ఎక్కడా లేదు. స్క్రీన్‌షాట్ తీద్దామంటే "పంపు" నొక్కాక ఉత్తరం కనపడటమే లేదు, పాయింట్లు మాత్రం కనపడుతున్నాయి. సహాయ విభాగానికి రెండుసార్లు రాశాం. ఖాతాదారు సంరక్షకుల మెయిల్ నుంచి అడగాలని జవాబు వచ్చింది.

ఆ మెయిల్ ఎవరిదో మీకు ఇప్పుడు తెలుసు. ఉత్తరం పిల్ల మెయిల్‌కే పంపండి. అక్క ఫోన్‌కి ఇక ఏమీ పంపకండి.

ఇట్లు,
ఒక పిన్ని